కనిపించేదీ, పనిచేసేదీ

పెట్రోలు కారు పొగగొట్టంలో అమర్చే కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లేడియం, రోడియం లోహాలు ఉంటాయి. హైదరాబాదు చుట్టుపక్కల మందుల పరిశ్రమల్లో హైడ్రోజన్‌తో చర్య జరిపే రియాక్టర్లలో, బొగ్గుపొడి మీద పరిచిన పల్లేడియం ఉంటుంది. నూనెను వనస్పతిగా గట్టిపరచడానికి నికెల్ వాడతారు. ఈ లోహాలు ముద్దగా ఉండవు. నానోమీటర్లలో కొలవాల్సినంత చిన్న కణాలుగా, మరో పదార్థం మీద చెదిరి ఉంటాయి. చుట్టూ ఉన్న అణువులు ఆ కణాల మీద వాలుతాయి, విడిపోతాయి, కొత్తగా జతకడతాయి, లేచిపోతాయి. లోహం మాత్రం ఖర్చు కాకుండా మిగులుతుంది. ఇదే ఉత్ప్రేరణ. లోపలికి ఏ పదార్థం ఎంత పోయిందో, బయటికి ఏది ఎంత వచ్చిందో కొలవడం కష్టమేమీ కాదు. నడుమ, లోహం ఉపరితలం మీద ఏం జరిగిందో తెలుసుకోవడమే కష్టం. అక్కడ జరిగేదాన్ని కాంతి సాయంతో చదివే శాస్త్రం స్పెక్ట్రోస్కోపీ. ఈ ప్రసంగంలో నేను వాదించదలచిన విషయం ఒక్కటే. ఉత్ప్రేరకం మీద ఏ అణువు కనిపించిందో చెప్పినంత మాత్రాన చర్య ఎలా జరిగిందో చెప్పినట్టు కాదు. ఉత్ప్రేరకం పనిచేస్తుండగా తీసి, అదే సమయంలో కొలిచిన చర్యావేగంతో జతపరిచిన వర్ణపటమే సాక్ష్యంగా నిలబడుతుంది. మిగిలినవి ఎంత అందంగా ఉన్నా ఆధారాలే తప్ప రుజువులు కావు.

ముందుగా ఈ కణాల కొలతలు చూద్దాం. కేంద్రంలో ఒక ప్లాటినం పరమాణువు పెట్టి, దాని చుట్టూ పొర మీద పొర పేర్చుకుంటూ పోయామనుకోండి. రెండో పొర పూర్తయ్యేసరికి మొత్తం 55 పరమాణువులవుతాయి. వాటిలో 42 బయటే ఉంటాయి. ఆరో పొర పూర్తయ్యేసరికి 923 అవుతాయి, కణం అడ్డకొలత మూడున్నర నానోమీటర్లకు చేరుతుంది. ఇప్పుడు బయట ఉండేవి 362, అంటే నూటికి 39. ఈ బయటి పరమాణువులన్నీ కూడా ఒక తీరుగా ఉండవు. కొన్ని మూలల్లో, కొన్ని అంచుల్లో, మిగిలినవి చదునైన ముఖాల మీద ఉంటాయి. చిన్న కణంలో బయటి 42లో 36 మూలల్లోనో అంచుల్లోనో ఉంటే, పెద్ద కణంలో 362కు 132 మాత్రమే అలా ఉంటాయి. మూలనున్న పరమాణువుకు ఇరుగుపొరుగులు తక్కువ. అందుకని అది వచ్చిన అణువును పట్టుకునే తీరు వేరు, వదిలే తీరు వేరు. కణం పరిమాణం మారితే చర్యావేగం ఎందుకు మారుతుందో చెప్పాలంటే, ఈ మూడు రకాల చోట్లలో ఎక్కడ ఏ అణువు ఉందో తెలియాలి. అక్కడే చిక్కు. కణం మీద వాలిన అణువులు కొద్ది. వాటి చుట్టూ ఉన్న వాయువులోనో ద్రావణంలోనో ఉన్న అణువులు లెక్కకు మించినన్ని. అయితే కణాలు చిన్నవి కావడంలోనే ఒక అనుకూలత కూడా ఉంది. గ్రాము ప్లాటినాన్ని మూడున్నర నానోమీటర్ల కణాలుగా చేస్తే దాని ఉపరితలం 80 చదరపు మీటర్ల దాకా ఉంటుంది. అలాంటి పొడిని పలుచని బిళ్లగా ఒత్తి దాని గుండా కాంతిని పంపితే, ఆ కాంతి దారిలో తగిలే ఉపరితలం తక్కువేమీ కాదు.

కళాశాల ప్రయోగశాలల్లో కూడా జరిగే ఒక ప్రయోగంతో మొదలుపెడదాం. నైట్రోఫినాల్ అనే పదార్థాన్ని సోడియం బోరోహైడ్రైడ్‌తో కలిపితే ద్రావణం చిక్కని పసుపురంగులోకి మారుతుంది. ఆ రెండూ అలా కలిసి ఉన్నా, వాటంతటవి కదలవు. కొద్దిగా వెండి లేదా బంగారు నానో కణాలు వేస్తే కొన్ని నిమిషాల్లో పసుపు వెలిసిపోయి, ఎమినోఫినాల్ తయారవుతుంది. పసుపుకు కారణమైన అయాను 400 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. ఎమినోఫినాల్ 300 నానోమీటర్ల దగ్గర పీల్చుకుంటుంది. ఒకటి తగ్గుతూ మరొకటి పెరగడాన్ని సాధారణ స్పెక్ట్రోఫోటోమీటరుతో నిమిష నిమిషానికీ గుర్తించవచ్చు. ఖరగ్‌పూర్ ఐఐటీలో తారాశంకర్ పాల్ బృందం 2000ల తొలినాళ్లలో ప్రాచుర్యంలోకి తెచ్చిన ఈ చర్య, నేడు కొత్త నానో కణం ఏది తయారైనా దానికి పెట్టే తొలి పరీక్షగా స్థిరపడింది. చవకైనది, వేగమైనది, ఎవరైనా మళ్లీ చేసి చూడగలిగినది. కానీ ఇది దేన్ని చూస్తోందో గమనించండి. చూస్తున్నది ద్రావణాన్ని. కణం ఉపరితలాన్ని కాదు. చర్య ఎంత వేగంగా జరిగిందో చెబుతుంది. నైట్రోఫినాల్, హైడ్రోజన్ రెండూ కణం మీద పక్కపక్కన కూర్చుని కలిశాయా, నడుమ ఏ మధ్యస్థ పదార్థం ఏర్పడింది, మొదట్లో కొంతసేపు చర్య కదలకుండా ఎందుకు ఆగింది, వీటికి జవాబు ఊహించుకోవాల్సిందే. వేగం ఒక్కటే తెలిస్తే ఒకే అంకెకు నాలుగు కథలు చెప్పవచ్చు.

ఉపరితలాన్నే సూటిగా చూసిన తొలి గట్టి ప్రయత్నాల్లో ఒకటి 1950ల మధ్యలో అమెరికాలోని టెక్సాకో పరిశోధనశాలలో జరిగింది. రాబర్ట్ ఐషెన్స్, ఆయన సహచరులు సిలికా మీద పరిచిన రాగి, నికెల్, పల్లేడియం, ప్లాటినం కణాల మీద కార్బన్ మోనాక్సైడ్ వాలేలా చేసి, వాటి గుండా పరారుణ కాంతిని పంపారు. ఆ అణువులో కార్బన్‌కూ ఆక్సిజన్‌కూ నడుమ ఉన్న బంధం నిరంతరం సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. ఆ కంపనానికి సరిపోయే పరారుణ కాంతిని అది పీల్చుకుంటుంది. రసాయనశాస్త్రంలో దీన్ని సెంటీమీటరు పొడవులో ఇమిడే తరంగాల సంఖ్యతో కొలుస్తారు. వాయువుగా స్వేచ్ఛగా తిరిగే కార్బన్ మోనాక్సైడ్‌కు ఆ సంఖ్య 2143. ప్లాటినం మీద ఒకే పరమాణువును పట్టుకుని నిలబడితే అది 2050కీ 2100కూ మధ్యకు దిగుతుంది. రెండు పరమాణువుల నడుమ వంతెనలా కూర్చుంటే 1850 ప్రాంతానికి జారుతుంది. ఇలా తగ్గడానికి కారణాన్ని 1964లో జార్జ్ బ్లైహోల్డర్ వివరించాడు. లోహం తన ఎలక్ట్రాన్లలో కొంత ఆ అణువుకు ఇస్తుంది. అవి చేరే కక్ష్య కార్బన్, ఆక్సిజన్ల బంధాన్ని బలహీనపరిచేది. బంధం సడలితే కంపనం నెమ్మదిస్తుంది. కాబట్టి ఆ సంఖ్య ఎంత తగ్గిందో చూసి అణువు ఏ లోహం మీద, ఎలాంటి చోట, ఏ భంగిమలో ఉందో చాలావరకు చెప్పవచ్చు. మూలల్లోనూ అంచుల్లోనూ ఉన్న పరమాణువుల మీద వాలిన అణువుకు, చదునైన ముఖం మీద వాలినదానికంటే తక్కువ సంఖ్య వస్తుంది. లోహం ఆక్సీకరణం చెంది ఎలక్ట్రాన్లు ఇచ్చే స్థితిలో లేకపోతే సంఖ్య పైకి పోతుంది.

ఈ చూపు పనికొచ్చిందా అంటే, కారు కన్వర్టరే మంచి సాక్షి. కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సిజన్‌తో కలిపి కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడం దాని పనుల్లో ఒకటి. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు ఈ పరికరం తప్పనిసరైంది. ఈ చర్యలో ఒక వింత ఉంది. ఉష్ణోగ్రత తక్కువగా ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్‌ను పెంచితే వేగం పెరగదు సరికదా, తగ్గుతుంది. ఎందుకో 1922లోనే ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ తర్కించాడు. ఆక్సిజన్ అణువు రెండుగా విడిపోవాలంటే లోహం మీద పక్కపక్కన ఖాళీ చోట్లు కావాలి. కార్బన్ మోనాక్సైడ్ ఉపరితలాన్నంతా ఆక్రమిస్తే ఆక్సిజన్‌కు చోటుండదు. చర్య నిలిచిపోతుంది. ఇది వేగాల నుంచి చేసిన ఊహ. కణాలను మెల్లగా వేడి చేస్తూ పరారుణ వర్ణపటం తీస్తే ఆ ఊహకు ఆధారం కంటికి కనిపిస్తుంది. చల్లగా ఉన్నంతసేపూ వర్ణపటంలో కార్బన్ మోనాక్సైడ్ శోషణ గీత బలంగా ఉంటుంది, బయటికి వచ్చే డయాక్సైడ్ నామమాత్రం. ఒక ఉష్ణోగ్రత దాటగానే గీత కుంచించుకుపోతుంది, సరిగ్గా అప్పుడే డయాక్సైడ్ ఒక్కసారిగా పెరుగుతుంది. ఇంజను స్టార్ట్ చేసిన తొలి నిమిషాల్లో కారు ఎక్కువ విషవాయువు వదలడానికి ఒక ముఖ్యకారణం ఇదే. ఇక్కడ నమ్మకం కలిగించినది గీత ఒక్కటే కాదు, వేగం ఒక్కటే కాదు. రెండూ ఒకే క్షణంలో మలుపు తిరగడం.

ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్న సహజం. ఉత్ప్రేరకాలు ఈ పరికరాలేవీ లేనప్పుడే దొరికాయి. 1823లో రసాయనశాస్త్రవేత్త డోబరైనర్ స్పంజిలాంటి ప్లాటినం మీద హైడ్రోజన్‌ను వదిలి మంట పుట్టించాడు. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే ఇనుప ఉత్ప్రేరకం కోసం జర్మనీలో ఆల్విన్ మిటాష్ బృందం వేలాది పరీక్షలు చేసి, దొరికినదాన్ని పరిశ్రమకు అప్పగించింది. ఓపౌలో 1913లో కర్మాగారం మొదలైంది. నత్రజని అణువు ఇనుము మీద ముందుగా రెండు పరమాణువులుగా చీలుతుందనీ, ఆ చీలికే మొత్తం చర్యలో నెమ్మదైన మెట్టు అనీ గెర్హార్డ్ ఎర్టల్ ఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీ సాయంతో గట్టిపరచింది 1970లలో. ఆ పరంపరకు 2007లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే పంట పండించిన అరవై ఏళ్లకు దాని కారణం తెలిసింది. ఈ అభ్యంతరంలో నిజముందని ఒప్పుకోవాలి. కానీ అది ఒక పరిస్థితికే వర్తిస్తుంది. కావలసింది ఒకే ఉత్పత్తి, లోహం చవక, పరీక్షలకు డబ్బుకు కొదవ లేదు, అలాంటప్పుడు ప్రయత్నించి చూడటమే చాలు. ప్లాటినం, రోడియం అలాంటి లోహాలు కావు. మందుల తయారీలో అణువులో రెండు మూడు చోట్ల హైడ్రోజన్ చేరే వీలుండి, ఒక్క చోటే చేరాలి. 1952లో రసాయనశాస్త్రవేత్త లిండ్లార్ పల్లేడియాన్ని సీసంతోనూ క్వినోలిన్ అనే పదార్థంతోనూ కావాలనే కొంత మందగింపజేసి, చర్యను సగంలో ఆపే ఉత్ప్రేరకం తయారు చేశాడు. ఆ మందగింపు ఏ చోట్లను మూసింది, వేటిని వదిలింది అన్నది తెలియకపోతే దానికన్నా మంచిదాన్ని రూపొందించాలంటే మళ్లీ వేల పరీక్షలు తప్పవు. ఉత్ప్రేరకం చచ్చుబడిపోయినప్పుడు కూడా అంతే. కణాలు ముద్దకట్టాయా, గంధకం అంటిందా, కార్బన్ పేరుకుందా, ఆక్సైడ్ అయిందా తెలియకుండా మందు వేయలేం.

ఎర్టల్ పని చెప్పుకున్నాక మరో అభ్యంతరం వస్తుంది. పరిశుభ్రమైన లోహ స్ఫటికాన్ని తీసుకుని, శూన్యంలో, కొలిచి వదిలిన కొద్ది అణువులతో చర్యలోని ఒక్కొక్క మెట్టునూ చదివితే సరిపోదా, ఈ గజిబిజి నానో కణాల జోలికెందుకు అని. ఆ పద్ధతి ఇచ్చిన స్పష్టత మరొకటి ఇవ్వలేదు. అయితే అది ఒక విషయాన్ని ముందే ఖాయం చేసుకుంటుంది, లోహం కదలదని. నిజమైన పీడనంలో నానో కణం అలా ఊరుకోదు. అమెరికాలోని బర్క్‌లీలో గాబర్ సొమోర్జాయ్, మికెల్ సాల్మెరోన్‌ల బృందాలు 2008లో ప్రచురించిన ప్రయోగం దీనికి బలమైన ఆధారం. వాళ్లు రోడియం, పల్లేడియం కలిసిన కణాలను తీసుకున్నారు. ఎక్స్ కిరణాలతో కొడితే వెలువడే ఎలక్ట్రాన్ల శక్తిని బట్టి ఏ లోహం పైన ఉందో, ఏది లోతులో ఉందో, ఏది ఆక్సీకరణం చెందిందో తెలుస్తుంది. చుట్టూ నైట్రిక్ ఆక్సైడ్ ఉంచితే రోడియం ఉపరితలానికి ఎగబాకింది. దానికి కార్బన్ మోనాక్సైడ్ జోడిస్తే పల్లేడియం పైకి తేలింది. వాయువు మారిస్తే మళ్లీ తిరగబడింది. ఒకే కణం, దాని చుట్టూ ఉన్న వాయువును బట్టి వేరే ఉత్ప్రేరకమైంది. ఈ ఫలితం ముందు, చర్యకు ముందొకసారి, చర్య అయ్యాక కడిగి ఆరబెట్టి మరోసారి తీసిన వర్ణపటాలకు విలువ ఎంత? ఆ రెండూ కలిసి కూడా పనిలో ఉన్న ఉపరితలం గురించి ఒక్క ముక్క చెప్పకపోవచ్చు. ఈ బర్క్‌లీ ప్రయోగానికీ ఒక పరిమితి ఉందని మరవకూడదు. ఎలక్ట్రాన్లు దట్టమైన వాయువులో దారి సాగలేవు గనుక అక్కడి పీడనం వాతావరణ పీడనంలో కొన్ని వేల వంతుల్లో ఒకటే. శూన్యంతో పోలిస్తే అది ఎంతో ఎక్కువ, కర్మాగారంతో పోలిస్తే ఎంతో తక్కువ. అందుకే ఈ కొలతను పూర్తి పీడనంలో పనిచేయగల పరారుణ కాంతితోనో, లోతుకు చొచ్చుకుపోయే ఎక్స్ కిరణ శోషణతోనో సరిచూసుకోవాలి.

ఇంతకన్నా లోతైన అభ్యంతరం ఇంకొకటుంది. చర్య జరుగుతుండగానే వర్ణపటం తీశామనుకుందాం. అందులో బలంగా కనిపించిన అణువే చర్యలో పాల్గొంటోందని ఏమిటి హామీ? హామీ లేదు. నాట్లు వేసే మడి దగ్గర దూరం నుంచి చూస్తే గట్టుమీద నిలబడ్డవాళ్లే కంటికి ఆనుతారు, వంగి నాటేవాళ్లు ఆనరు. లోహం ఉపరితలం మీద కూడా ఇదే జరుగుతుంది. చర్యలో చురుగ్గా పాల్గొనే అణువు వచ్చిన వెంటనే మారిపోతుంది కాబట్టి, ఏ క్షణంలో చూసినా అక్కడ అది కొద్దిగానే ఉంటుంది. పని లేకుండా కూర్చున్నది పేరుకుపోయి బలమైన గీతగా కనిపిస్తుంది. ఇథిలీన్‌కు హైడ్రోజన్‌ను చేర్చే చర్య దీనికి పాఠం లాంటిది. ప్లాటినం, పల్లేడియం మీద ఇథిలీన్‌ను వదలగానే ఇథిలిడైన్ అనే అవశేషం ఏర్పడి ఉపరితలాన్ని కప్పుతుంది. వర్ణపటంలో 1340 ప్రాంతంలో దాని గీత స్పష్టంగా ఉంటుంది. చర్య దాని మీదుగానే సాగుతుందని అనుకోవడం తేలిక. 1986లో బీబీ, యేట్స్ అనే పరిశోధకులు అల్యూమినా మీద పరిచిన పల్లేడియం కణాలపై చర్య నడుస్తుండగా పరారుణ వర్ణపటం తీస్తూ, పక్కనే వేగాన్నీ కొలిచారు. ఇథిలిడైన్ పేరుకున్నా, లేకపోయినా వేగంలో తేడా రాలేదు. అది ప్రేక్షకుడని తేలింది. ఆ తర్వాత పదేళ్లకు బర్క్‌లీలో, ఉపరితలాన్ని మాత్రమే పలికించే ఒక లేజర్ పద్ధతితో, సాధారణ పీడనంలో ప్లాటినం స్ఫటికాన్ని పరిశీలించారు. చర్యకు మూలం ఉపరితలం మీద చాలా కొద్దిగా, బలహీనంగా అతుక్కుని ఉండే ఇథిలీనేనని నిర్ధారించారు. ఇక్కడ కూడా తప్పు దారి చూపినది వర్ణపటమే, దాన్ని సరిదిద్దినదీ వర్ణపటమే. రెండోసారి దానితో పాటు వేగం కొలిచారు, తేడా అదే.

కాబట్టి పనిచేసేదాన్ని ప్రేక్షకుల నుంచి వేరు చేయడానికి ఒక పద్ధతి కావాలి. అది కాలంతో ముడిపడిన పద్ధతి. జపాన్‌లో కెంజి తమారు 1960లలోనే, చర్య నడుస్తుండగా ఉపరితలం మీది అణువులనూ బయటి ఉత్పత్తులనూ ఏకకాలంలో కొలవాలని పట్టుబట్టాడు. దానికి ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో ద్రవ్యరాశి వేరైన పరమాణువులు, తోడైతే వాదనకు పదును వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌లో మామూలు కార్బన్ బదులు ద్రవ్యరాశి 13 ఉన్న కార్బన్ ఉంటే రసాయన స్వభావం దాదాపు మారదు. బరువు పెరగడం వల్ల కంపనం మాత్రం నెమ్మదించి, స్వేచ్ఛగా ఉన్న వాయువులో 2143 ఉండాల్సింది 2096కు దిగుతుంది. ఇప్పుడు చర్య నిలకడగా సాగుతుండగా, పీడనం, ఉష్ణోగ్రత ఏదీ మార్చకుండా, ఒక రకం వాయువు ఆపి ఇంకో రకం వదలాలి. ఉపరితలం మీద పాత గీత తగ్గి కొత్త గీత పెరిగే వేగాన్ని, బయటికి వచ్చే ఉత్పత్తిలో ఐసోటోపు మారే వేగంతో పోల్చాలి. రెండూ ఒకే కాలంలో మారితే ఆ అణువు చర్యలో భాగం కావచ్చు. ఉత్పత్తి ఎప్పుడో మారిపోయి, ఉపరితలం మీది గీత ఇంకా పాతదిగానే ఉంటే, ఆ అణువు గట్టుమీదిదే. ఈ పరీక్ష నేరుగా అవుననదు, కాదని మాత్రం గట్టిగా చెబుతుంది. కాదని చెప్పగలగడమే శాస్త్రంలో ఎక్కువ అక్కరకొచ్చే శక్తి. గీత బలాన్ని చూసి అణువులను లెక్కపెట్టవచ్చు కదా అన్న తొందర కూడా ఇక్కడే అదుపులోకి వస్తుంది. పక్కపక్కన కూర్చున్న కార్బన్ మోనాక్సైడ్ అణువులు ఒకదాని కంపనంతో ఒకటి జతకలుస్తాయి. ఎక్కువ సంఖ్య ఉన్న గీత, తక్కువ సంఖ్య ఉన్న గీత బలాన్ని కొంత లాక్కుంటుంది. అందువల్ల అంచుల్లో ఉన్న అణువులు ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తాయి. రెండు ఐసోటోపులను కలిపి వదిలితే ఆ జతకట్టడం తెగి, నిజమైన సంఖ్యలు బయటపడతాయి.

ఇక కాంతి మీదే వచ్చే అనుమానం. చూడటానికి వేసిన కాంతే చర్యను జరిపితే? ఇది ఊహాగానం కాదు, జరిగిన సంగతి. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్ 1928లో కనిపెట్టిన ప్రభావంలో, అణువు మీద పడి చెదిరిన కాంతిలో కొద్ది భాగం రంగు మారుతుంది. అతి బలహీనమైన ఆ సంకేతం గరుకైన వెండి మీద ఎంతో బలపడుతుందని 1970లలో తెలిసింది. వెండి, బంగారు నానో కణాల ఎలక్ట్రాన్లు కాంతితో కలిసి ఊగడం వల్ల వాటి పక్కనే కాంతి తీవ్రత అమాంతం పెరగడం దానికి ప్రధాన కారణం. ఉత్ప్రేరణ పరిశోధకులకు ఇదొక వరమైంది. వెండి మీద ఎమినోథయోఫినాల్ అనే అణువును ఉంచి ఈ పద్ధతితో చూస్తే కొన్ని అదనపు గీతలు వచ్చేవి. లోహానికీ అణువుకూ నడుమ ఎలక్ట్రాన్ల బదిలీయే వాటికి కారణమని చాలా ఏళ్లు నమ్మారు. 2010 ప్రాంతంలో చైనాలోని షియామెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులూ మరికొందరూ ఆ గీతలు అసలు ఆ అణువువే కావని చూపారు. లేజర్ కాంతి పడగానే వెండి మీద రెండు అణువులు కలిసి మూడో పదార్థంగా మారుతున్నాయి. ఆ మూడోదాన్ని విడిగా తయారు చేసి వర్ణపటం తీస్తే అవే గీతలు వచ్చాయి. దీని నుంచి రెండు రకాల ముగింపులకు రావచ్చు. కాంతితో చూడటం నమ్మదగినది కాదని ఒకటి. కాంతి తీవ్రతను కూడా ఉష్ణోగ్రత, పీడనాల మాదిరిగా మార్చి చూడాల్సిన అంశంగా లెక్కించాలని రెండోది. నేను రెండోదాన్నే సమర్థిస్తాను. లేజర్ బలాన్ని సగం చేస్తే చర్యావేగం మారుతోందా, చీకట్లో నడిపి చివర ఒక్కసారి చూస్తే అదే ఉత్పత్తి ఉందా అని అడిగితే ఈ పొరపాటు బయటపడుతుంది. షియామెన్ బృందమే 2010లో బంగారు కణాల మీద పలుచని సిలికా తొడుగు వేసి, కాంతిని బలపరిచే పని బంగారానికీ, చర్య జరిపే పని వేరే ఉపరితలానికీ విడదీసి అప్పగించే మార్గాన్ని చూపింది. తప్పు ఎలా వస్తుందో తెలిసినవారే దానికి అడ్డుకట్ట కట్టారు.

చివరి అభ్యంతరం సగటు గురించి. మనం చూసేది కోట్ల కోట్ల కణాల సగటు. వాటిలో కొద్ది కణాలే పనంతా చేస్తుంటే, మిగిలినవి వర్ణపటాన్ని నింపుతుంటే? జపాన్‌లో మసతకె హరుత 1987లో, కొన్ని నానోమీటర్ల బంగారు కణాలను ఆక్సైడ్ మీద పరిస్తే సున్నా డిగ్రీలకు దిగువన కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను మండిస్తాయని చూపినప్పటి నుంచి, పనిచేసేది కణమా, కణం ఆక్సైడ్‌ను తాకే అంచా అన్న వాదన దశాబ్దాలు నడిచింది. సగటు చూపు ఇలాంటి చోట తడబడుతుంది. అందుకే సూదిమొన లాంటి లోహపు కొస దగ్గర మాత్రమే రామన్ సంకేతాన్ని బలపరిచి, నానోమీటర్ల వెడల్పున్న చోట చర్యను గమనించే పద్ధతులు వచ్చాయి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ బృందం 2012లో అలా ఒక చర్య జరుగుతుండగా గుర్తించింది. ఈ దారి విలువైనదే కానీ, ఒక్క కణాన్ని చూడటం సగటుకు పూర్తి ప్రత్యామ్నాయం అనుకోను. కర్మాగారంలో పనిచేసేది కణాల గుంపు. ఒక కణం మీద కనిపించినది గుంపు వేగానికి ఎంత కారణమో చెప్పలేకపోతే, మళ్లీ గట్టుమీదివాళ్లను చూసిన పొరపాటే కొంచెం దగ్గరి నుంచి చేసినట్టవుతుంది.

మన దగ్గర ఈ చర్చకు ఏమి పని? ఇందోర్‌లోని బలమైన ఎక్స్ కిరణాలు పుట్టించే ఇండస్-2 సింక్రోట్రాన్‌లో ఎక్స్ కిరణ శోషణ కొలిచే సదుపాయం ఉంది. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో ఉత్ప్రేరకాల పరిశోధన దశాబ్దాలుగా సాగుతోంది. మందుల పరిశ్రమ పల్లేడియాన్ని రోజూ వాడుతోంది. కానీ మన విశ్వవిద్యాలయాల్లో ఉత్ప్రేరకాల మీద వచ్చే పరిశోధనల్లో ఒక మూస కనిపిస్తుంది. కణాన్ని తయారు చేయడం, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఫొటో తీయడం, శూన్యంలో ఒక వర్ణపటం, తర్వాత ఎక్కడో వేరే పాత్రలో వేగం కొలత, చివర చర్య ఇలా జరుగుతుందని ఒక బొమ్మ. ఆ బొమ్మకూ పైన చెప్పిన కొలతలకూ సంబంధం ఊహలోనే ఉంటుంది. దీనికి పేదరికం కారణమని అంటే పూర్తిగా ఒప్పుకోలేం. వేడి చేయగల, వాయువు ప్రవహించగల చిన్న గదిని మామూలు పరారుణ స్పెక్ట్రోమీటరుకు అమర్చి, బయటికి వచ్చే వాయువును మాస్ స్పెక్ట్రోమీటరులోకి పంపడానికి సింక్రోట్రాన్ అక్కర్లేదు. ఖరీదైన సూక్ష్మదర్శినితో నిద్రపోతున్న కణాన్ని తీసిన ఫొటో కన్నా, ఈ అమరిక మేలుకుని పనిచేస్తున్న కణం గురించి ఎక్కువ చెబుతుంది. ఒక విభాగానికి రెండిట్లో ఒకటే కొనే స్తోమత ఉంటే, రెండోదాన్నే కొనాలని నా అభిప్రాయం.

కొత్త ఉత్ప్రేరకం గురించి ఎవరు ఏం చెప్పినా, వినేవారు అడగాల్సిన ప్రశ్నలు ఇప్పటి వాదన నుంచే వస్తాయి. వర్ణపటం తీసినప్పుడు చర్య నడుస్తోందా, నడుస్తుంటే దాని వేగం ఎంత? కనిపించిన అణువు కాలంతో పాటు, ఐసోటోపుతో పాటు మారుతోందా, లేక అలాగే కూర్చుని ఉందా? చూడటానికి వాడిన కాంతిని తగ్గిస్తే ఫలితం మారుతుందా? వీటికి జవాబులున్న పరిశోధనలో చర్యామార్గం గురించి ఒక్క వాక్యమే ఉన్నా దాన్ని నమ్మవచ్చు. జవాబుల్లేని పరిశోధనలో పది పేజీల వివరణ ఉన్నా అది ఇంకా ప్రతిపాదనే. పరిశోధనలకు డబ్బిచ్చే సంస్థలూ, సిద్ధాంత వ్యాసాలను పరీక్షించే ఆచార్యులూ ఈ ప్రశ్నలను అలవాటుగా అడగడం మొదలుపెడితే, కొత్త పరికరం ఒక్కటీ రాకముందే మన ఉత్ప్రేరక పరిశోధన నాణ్యత పెరుగుతుంది.